ఆట మధ్యల ఆగితే

ప్రమోద్ ఎవరి విషయంలోనైనా మొదట చూసేది కాళ్లనే.

నల్లగొండ గడియారం సెంటర్ పక్క సందులో అతనిది కంప్యూటర్ల షాపు. వచ్చినవాళ్ల కాళ్లకు బూట్లుంటే కుర్చీ వేస్తాడు, కూల్‌డ్రింక్ తెప్పిస్తాడు. రబ్బరు చెప్పులైతే ఫోన్‌లోంచి తల కూడా ఎత్తడు. అదేదో పెద్ద వ్యాపార రహస్యమైనట్టు నలుగురిలో గొప్పలు పోతాడు.

ఆ ఆదివారం పొద్దున షట్టరు ఎత్తగానే రబ్బరు చెప్పులే ఎదురయ్యాయి.

యాభై దాటిన ఆవిడ. నేత చీర, చంకలో గుడ్డసంచి.

"తమ్మీ, ఆటలాడే కంప్యూటర్ ఒకటి కట్టియ్యాలె. మంచిది గావాలె."

"గేమింగ్ కంప్యూటరా?"

"ఆఁ, గదే. డెబ్బై వేలల్ల గావాలె. గంతకు మించి లేవు."

ప్రమోద్ నవ్వాడు. నవ్వు దాచుకునే మర్యాద అతనికి ఎవరూ నేర్పలేదు.

"అమ్మా, గిది పిండి గిర్నీ అనుకున్నవా? ఇంట్ల పిలగాడుంటే తోల్కరా పో."

"పిలగాండ్లు నలుగురు. ఇయ్యాల వాండ్లకు ఆటుంది. ఉన్న కంప్యూటర్ నిన్న కాలిపాయె. నా మీదనే ఆశ పెట్టుకున్నరు, బస్సెక్కి వచ్చిన."

నలుగురు కొడుకులు! ఒక్కడూ పనిచేసే రకంలా లేడు. తల్లిని బస్సెక్కించి ఆటబొమ్మ కోసం తోలారు.

"బాగనే పెంచినవ్," అంటూ అద్దాల క్యాబినెట్ ఒకటి ముందుకు జరిపి స్విచ్ వేశాడు. ఎరుపు, నీలం, ఆకుపచ్చ లైట్లు గిర్రున తిరిగాయి. "గిది తీసుకపో. రంగులు జూసి మురుస్తరు."

"లైట్లొద్దు తమ్మీ. రేకు డబ్బ అయినా మంచిదే. ఉన్న పైసలు బొమ్మను నడిపే కార్డుకు, కరెంటిచ్చే ఎస్‌ఎంపీఎస్‌కు పెట్టు."

ప్రమోద్‌కు ఒళ్లు మండింది. కొడుకెవడో చెప్పి పంపితే అప్పజెబుతోంది! లాభమంతా ఆ లైట్లలోనే ఉంది మరి. సరే, లైట్లలో పోయింది కార్డులో రాబట్టుకుందామని లోపలికి వెళ్లాడు.

అక్కడ ఒక గ్రాఫిక్స్ కార్డు ఉంది. బిట్‌కాయిన్ల వాళ్లు రాత్రనక పగలనక నడిపి, ఇక పనికిరాదని వదిలించుకున్నది. ప్రమోద్ దాని దుమ్ము దులిపి, కొత్త డబ్బాలో పెట్టి, సీలు అంటించి ఎప్పుడో దాచి ఉంచాడు. ఇలాంటి చెప్పుల కోసమే.

అతను తెచ్చిన ఆ డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసి ఆవిడ అడిగింది.

"మంచిదేనా తమ్మీ? ఆట మధ్యల ఆగదు గద?"

"ఆగితే తెచ్చి నా మొఖాన గొట్టు."

"అయ్యో, గంత మాటెందుకు," అని ఆవిడ నవ్వి, కాలిపోయిన కంప్యూటర్‌లోంచి తీసి చేతిరుమాలులో చుట్టి తెచ్చిన పాత హార్డ్‌డిస్క్ ఇచ్చింది. "గిది గూడ అండ్లనే పెట్టు."

కొడుకుల పెళ్లి ఫొటోలు కాబోలు అనుకుంటూ, రేకు పెట్టెలో కార్డుతో పాటు దాన్నీ బిగించాడు. బరువైన ఆ పెట్టెను ఆవిడ ఒక్కతే మెట్లు దింపుకొని సాగర్ బస్సుకు వెళ్తుంటే, కుర్చీలోంచి లేవనైనా లేవలేదు.

లేచే తీరిక ఎక్కడిది? అతని ప్రాణమంతా సాయంత్రం మీదే ఉంది. ఆన్‌లైన్‌లో కాల్పుల ఆట, అయిదుగురి జట్టు, రాష్ట్ర పోటీల్లో సెమీఫైనల్. గెలిస్తే హైదరాబాద్‌లో స్టేజీ మీద ఫైనల్. షాపు ముందు కట్టడానికి తన ఫొటోతో ఫ్లెక్సీ కూడా చేయించుకున్నాడు.

కెప్టెన్ పేరు గద్ద. అది ఆటలో పెట్టుకున్న పేరు. అసలు మనిషిని ఎవరూ చూడలేదు, గొంతు కూడా వినలేదు. మైకు పెట్టకుండా అన్నీ టైపు చేసే చెబుతాడు. సొంత తండ్రి మాట చెవిన పెట్టని ప్రమోద్, గద్దన్న 'ఆగు' అంటే ఊపిరి కూడా ఆపేస్తాడు. 'మా నల్లగొండల మోసముండదన్నా' అని ఆయన దగ్గర కోతలు కోస్తుంటాడు. తనకు షాపుందని మాత్రం చెప్పలేదు. చెబితే డిస్కౌంటు అడుగుతారని భయం.

సాయంత్రం ఆట చివరికొచ్చింది. ఇటు గద్దన్న, ప్రమోద్ మిగిలారు. అటు ముగ్గురు.

'భయపడకు. నా ఎనుక రా,' అని గద్దన్న టైపు చేశాడు.

గద్దన్న ఒకణ్ని పడగొట్టాడు. రెండోవాణ్నీ పడగొట్టాడు. మూడోవాడు గుమ్మంలోకి వచ్చాడు.

గద్దన్న కదల్లేదు. ఉన్నచోటనే నిలబడిపోయి, ఆటలోంచే మాయమయ్యాడు.

ఒంటరిగా దొరికిన ప్రమోద్ తుపాకీ ఎత్తే లోపే మూడోవాడు అతణ్ని కాల్చేశాడు. సెమీఫైనల్ పోయింది, స్టేజీ పోయింది, ఫ్లెక్సీ పోయింది.

కాసేపటికి జట్టు గ్రూపులో గద్దన్న మెసేజ్.

'మాఫ్ చెయ్యుండ్రి. పొద్దున కొన్న కార్డు మాడిపోయింది.'

ప్రమోద్‌కు కళ్లలో నీళ్లు తిరిగాయి. కోపంతో టైపు చేశాడు.

'ఏ దొంగ నాకొడుకు అమ్మిండన్నా? షాపు పేరు చెప్పు. పోయి వాని మొఖాన గొట్టొస్త.'

గద్దన్న నుంచి ఎన్నడూ లేనిది, ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది.

ప్రమోద్ ఫోన్‌ను భక్తిగా చెవికి ఆనించుకున్నాడు.

"వద్దు బిడ్డా, మీ నల్లగొండల మోసముండదని నువ్వంటివి గద, గా మాట మీదనే మీ ఊరికి పోయిన, ఆట మధ్యల ఆగితే మొఖాన గొట్టుమని గా పిలగాడే అన్నడు గని, వాడు గూడ మీ ఈడోడే, నాకు మనసొప్పుతలేదు," అంది, పొద్దున లైట్లొద్దన్న ఆ గొంతు.