తాళం తీసిన వేళ

"ఒక మనిషికి ఏడాదిగా ఓవర్‌టైమ్ ఎగ్గొట్టారు," అన్నాడు తనిఖీ అధికారి, హాజరు పుస్తకం మూస్తూ.

గడియారమ్మ గబుక్కున లేచి నిలబడింది. ఆ అట్టపెట్టెల కార్ఖానాలో టైమ్ గుమాస్తా ఆమె. అరవైమంది కార్డులు చూసి, వారం గంటలు కూడి, నలభై ఎనిమిది దాటిన ప్రతి గంటకూ రెట్టింపు కూలి కట్టాలి. అందరికన్నా ముందొచ్చి, కార్డుల మీద వేళ గుద్దే గడియారపు యంత్రం తాళం తీయాలి, ఆఖరి మనిషి గేటు దాటాక మళ్లీ వేయాలి. ఆ తాళంచెవి ఆమె మెడలోనే వేలాడుతుంది కాబట్టి అంతా గడియారమ్మ అనే పిలుస్తారు. లెక్క తప్పితే తిట్లు కూడా ఆమెకే.

అధికారి వివరం చెప్పాడు. ఆ మనిషి వారానికి అరవై మూడు గంటలు పనిచేస్తుంటే, పుస్తకంలో నలభై ఎనిమిదే పడుతున్నాయట.

ఎవరిది అరవై మూడు? ఆమెకు కార్డులన్నీ కంఠతా వచ్చు. కత్తిరింపు మేస్త్రీ యాభై నాలుగు. జిగురు పూసే ముసలాయన యాభై ఒకటి. ఎంత గాలించినా అరవై మూడు తగల్లేదు. తలుపు దగ్గర పనివాళ్లు మూగారు. పొద్దున నవ్వుతూ పలకరించిన ముసలాయన ఇప్పుడు గుడ్లప్పగించి ఆమెనే చూస్తున్నాడు. ఎవరి నోటికాడ కూడు లాగేశానో అని ఆమె కార్డులన్నీ మళ్లీ మొదటినుంచి మనసులో తిరగేసింది.

యజమాని తడుముకోకుండా చేతులు దులిపేసుకున్నాడు. లెక్కలన్నీ ఈవిడవే, తనకు పాపమూ పుణ్యమూ తెలియదన్నాడు. అంతటితో ఊరుకోక తెల్లకాగితం లాగి, ఆ బాకీ ఎంతైతే అంత గుమాస్తా జీతంలో కోసి ఆ మనిషికి ఇవ్వాలని రాసి, సంతకం చేసి ముద్ర కూడా కొట్టాడు.

"ఈ మాటకు కట్టుబడతారా?" అడిగాడు అధికారి.

"నోటిమాట కాదు సార్, ముద్ర వేశాను."

వారానికి పదిహేను గంటలు, యాభై రెండు వారాలు, ఆపైన రెట్టింపు. భయంలోనూ ఆమె వేళ్లు వాటంతటవే లెక్క కట్టాయి. ఏడు నెలల పైచిలుకు జీతం. ఇంట్లో సంపాదించే చెయ్యి ఆమెదొక్కటే. పొయ్యి మీదికి ఏం తేవాలి, ఇంటి అద్దె ఎక్కణ్ణుంచి కట్టాలి?

"అయ్యా, ఆ మనిషెవరో చెప్పండి. కాళ్లు పట్టుకుని అయినా నాలుగు వాయిదాలు అడుగుతాను," అంది.

"కార్డుల్లో వెతికితే దొరకదమ్మా. ఆ మనిషికి కార్డే లేదు," అన్నాడు అధికారి. యంత్రంలోంచి కాగితం చుట్ట బయటికి తీసి బల్లమీద పరిచాడు. రోజూ యంత్రం తాళం తీసిన వేళ, వేసిన వేళ అందులో అచ్చుపడి ఉన్నాయి. పొద్దున ఏడున్నర, సాయంత్రం ఆరు. వారంలో ఆరు రోజులూ అంతే, కూడితే అరవై మూడు గంటలు.

ఆమె చెయ్యి మెల్లగా మెడలోని తాళంచెవి మీదికి వెళ్లింది.

అధికారి ముద్ర వేసిన కాగితాన్ని యజమాని ముందుకు జరిపాడు.

"ఇప్పుడు ఈమె జీతంలో కోసి ఈమెకే ఎలా ఇస్తారో, మీరే లెక్క కట్టి చూపించండి."