పుస్తకంలో లేని అత్త

"అత్తమ్మా, తలకాయ పగులుతున్నది. సినిమా ఇంకోనాడు చూద్దాం," అంది మమత, నుదుటికి కొంగు బిగించి కట్టుకుంటూ.

"గోలీ ఏసుకో, తగ్గుతది. ప్రణవ్ బాబు మన గోదావరిఖనికి వస్తే ఇంట్ల పండుకుంటమా పిల్లా? నడువు! నీ మొగడు డ్యూటీ దిగేలోపల వచ్చేస్తం."

లింగవ్వ అప్పటికే పెండ్లిళ్ళకు తీసే పట్టుచీర కట్టి, తాళంచెవి చేతిలో ఆడిస్తోంది.

ప్రణవ్ వారపత్రికలో వచ్చిన నవలకు హీరో. లింగవ్వకు చదువు రాదు. ఆమె బీడీలు చుడుతుంటే కోడలే వారం వారం చదివి వినిపించింది. ప్రణవ్, హిమజ ప్రేమించి పెండ్లాడాక, అత్త హిమజ చదువు మాన్పించి పుస్తకాలు పొయ్యిలో పెడుతుంది. ఆ పేజీ రాగానే మమతకు ఏం తోచిందో, గోడకేసి చూస్తూ, అత్తే కోడలి చెయ్యి పట్టుకొని కాలేజీకి తీసుకుపోయిందని చదివేసింది. లింగవ్వ కండ్లు తుడుచుకుంది. నెల తిరగకముందే, "నువ్వు గూడ టీచరు సదువు సదువు," అంది. మంచిర్యాలలో సీటొచ్చింది. సోమవారం చేరాలి.

ఆ నవల ఇప్పుడు సినిమా అయి కూర్చుంది.

టాకీసు ఈలలతో దద్దరిల్లుతోంది. వానలో మోటార్‌సైకిల్ మీద ప్రణవ్ రాగానే లింగవ్వ కోడలి తొడ మీద ఒక్కటి చరిచింది.

"అచ్చం నేననుకున్నట్టే ఉన్నడు! జర నలుపు, గాని నవ్వు జూడు! ఇగ జూడు, గోడ మీదికెళ్ళి చీటీ ఇసుర్తడు!"

ప్రణవ్ చీటీ విసిరాడు.

ముందు వరసలో ఒకాయన వెనక్కి తిరిగి, "అవ్వా, కథంతా నువ్వే జెప్తే మేమేం జూడాలె?" అన్నాడు.

"ఇదేం జూసినవ్ బిడ్డా, ముంగటున్నది అసలు మజా!"

మమత కూడా మైమరచి నవ్వింది. అంతలోనే ముంగటున్నదేమిటో గుర్తొచ్చి, చప్పున నవ్వు ఆపేసింది.

ఇంటర్వెల్లో పక్క క్వార్టరు అనసూర్య మిర్చిబజ్జీలు తెచ్చింది. "నవల్ల ఉన్నది ఉన్నట్టే తీసిండ్రు మమతక్కా!"

మమత కొరికిన బజ్జీని మళ్ళీ పొట్లంలోనే పెట్టేసింది. లింగవ్వ మాత్రం ఇంకోటి అందుకుంది.

ఆట మళ్ళీ మొదలైంది. అత్త పొయ్యి ముందు కూర్చుంది. హిమజ కాళ్ళావేళ్ళా పడుతుంటే ఒక్కో పుస్తకం మంటలో వేసింది. "థూ, నీ మొకం మండ!" అని హాలంతా తిట్లు. పల్లీల పొట్లంలో లింగవ్వ చెయ్యి ఆగిపోయింది. మమత తెరవైపు కాదు, అత్తవైపు కాదు, తన చెప్పుల వైపు చూస్తూ కూర్చుంది.

చివరికి రైలు కదులుతుంటే ప్రణవ్ ప్లాట్‌ఫారం మీద పరుగెత్తి హిమజను అందుకున్నాడు. హాల్లో జనం విసిరిన కాగితం ముక్కలు గాలిలోకి లేచాయి. లింగవ్వ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

బయటికొచ్చి ఆటోల దాకా నడిచారు. మమతే ఉండబట్టలేక కదిపింది.

"సినిమావాళ్ళు కథ మార్చిండ్రు అత్తమ్మా."

"అవునా?"

"అవును. గా అత్త గట్ల కాదు గదా."

"కాదు, కాదు. సోమవారం బస్సు ఎప్పుడు?"

"ఎనిమిదింటికి."

"అయితే జల్ది లేసి వండుకోవాలె."

మమత గుండెల మీంచి బండరాయి దిగింది. సంబరం పట్టలేక అత్త చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఇగ కొత్త నవల ఎప్పుడు మొదలువెడ్తవ్?" అడిగింది లింగవ్వ.

"రేపే!"

"మంచిది. దాంట్ల కోడలు మొదటి జీతంతోని అత్తకు ముక్కుపుడక తెస్తది సూడు... గా కాడికి వచ్చినంక, పోయినసారి లెక్కనే, గోడ దిక్కు జూసి సదువు."