మామగారి పరీక్ష

“ముక్కు దించమ్మాయ్, ముక్కు! విమానం నడుపుతున్నావా, అటక ఎక్కుతున్నావా?”

మామగారు నేల మీద నోట్లో నాలుక లేని మనిషి. కోడలికి విమానం నేర్పడానికి పక్క సీట్లో కూర్చున్నాడంటే మాత్రం ఆ నోటికి అడ్డూ ఆపూ ఉండదు. చెప్పాపెట్టకుండా ఇంజిన్ మీట వెనక్కి లాగేసి, “ఇంజిన్ ఆగింది, ఎక్కడ దించుతావో దించు” అని పరీక్ష పెట్టడం ఆయన అలవాటు. నేల దగ్గరపడేదాకా తిడుతూనే ఉంటాడు. ఆ తర్వాత మీట ముందుకు తోసి, మళ్లీ పైకి లేపమంటాడు.

ఇవాళ ఆయన మీట ముట్టుకోకముందే ఇంజిన్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

కోడలు అవతలి కిటికీలోంచి కిందికి చూస్తోంది. ఆ సందులోనే ఆయన పెట్రోలు రెండో ట్యాంకుకి మార్చి చూశాడు. ఉలుకూ పలుకూ లేదు. తనే దించుదామని చేతులు చాచాడు. గడగడ వణుకుతున్నాయి. ఎందరికో ఈ విద్య నేర్పాడు గానీ, నిజంగా ఇంజిన్ ఆగడం ఆయనకీ ఇదే మొదటిసారి. ఈ చేతులతో దించితే ఇద్దరికీ నూకలు చెల్లినట్టే.

గబుక్కున మీట వెనక్కి లాగేసి, “పరీక్ష!” అన్నాడు గొంతు సవరించుకుని. “ఇవాళ పూర్తిగా నేల మీదికే దించెయ్యి, చూద్దాం.”

“సరే మామయ్యా.”

కింద ఒకవైపు ఇళ్లు, ఒకవైపు కాలువ, మధ్యలో కోత కోసేసిన చేను. ఆమె చేను వైపు తిప్పింది.

“బాగుంది తల్లీ. కంగారేం లేదు.”

“ఆ కరెంటు తీగలు...”

“చూశాను. దాటేస్తావు తల్లీ.”

వెంట్రుకవాసిలో దాటారు. చక్రాలు గట్టుకి తగిలి విమానం ఎగిరిపడింది. మోళ్లను రాసుకుంటూ పోయి కంచె ముందు ఆగింది.

ఆయన దిగి మోళ్ల మధ్యే కూలబడ్డాడు. పిడికెడు మట్టి తీసి కళ్లకద్దుకున్నాడు. ఈ చేను ఎవరిదో గానీ వాళ్లు చల్లగా ఉండాలి అనుకున్నాడు.

“అమ్మాయ్, అది పరీక్ష కాదు. ఇంజిన్ నిజంగానే ఆగిపోయింది. చెబితే హడలిపోతావని అబద్ధమాడాను. నా ప్రాణం నిలబెట్టావు. నీ రుణం...” చేతులెత్తి దణ్ణం పెట్టబోయాడు.

ఆమె ఆ చేతులు పట్టుకుంది.

“ఊరుకోండి మామయ్యా. పక్కన మీరున్నారు కాబట్టే దించగలిగాను. పరీక్ష కాదని నాకూ తెలుసు. తెలిసిపోయిందంటే మీరెక్కడ బెంబేలు పడతారోనని నోరు మెదపలేదు.”

“నీకెలా తెలిసింది?”

“విమానం ఎక్కాక మీరు తిట్టకుండా నన్ను ‘తల్లీ’ అన్నది ఇవాళేగా!”