సైరన్ మోగాక

యజమానుల సంగతి తర్వాత తేల్చుకుందాం. ముందు ఇస్త్రీ విభాగం వాళ్లు జవాబు చెప్పాలి. గేటు పక్క బెంచీ మీద కూర్చునే ముసలాయన్ని తరిమేసింది మీరు కాదా?

మీరే. అందులోనూ ముందు నోరు చేసుకున్నది ఇస్త్రీ అక్క.

ఊళ్లోని లాడ్జీల దుప్పట్లు, దిండు గలీబులు, తువ్వాళ్లు అన్నీ వీళ్లు పనిచేసే లాండ్రీకే వస్తాయి. ఇస్త్రీ అక్క పని ఆవిరి రోలరు దగ్గర. తడి దుప్పటి ఇటు పెడితే అటు కాగితంలా వస్తుంది. పని ముగిసిందని పొద్దుండగానే సైరన్ మోగుతుంది. అందరూ వెళ్లి గేటు బయట బస్సు కోసం నిలబడతారు.

ఆ ముసలాయన అక్కడే కూర్చునేవాడు. ఎవరో ఎవరికీ తెలియదు. బస్సు వస్తే ఎక్కేవాడు కాదు. కనబడ్డ ప్రతివాళ్లనీ ఒకటే అడిగేవాడు.

"ఇవాళ ఏం జరిగిందమ్మా?"

"ఏముంది తాతా, మామూలే."

"మామూలంటే?"

అది విని విని ఆయనకు మామూలు తాత అని పేరు పెట్టారు.

మొదట్లో అక్కకు ఒళ్లు మండేది. పొద్దస్తమానం ఆవిరిలో ఉడికి వచ్చిన మనిషిని పట్టుకుని ఏం జరిగిందని అడుగుతాడేమిటి? దుప్పట్లు జరిగాయి, అని మొహం మీదే అనేసింది.

"అయితే ఒక్క దుప్పటి గురించి చెప్పు," అన్నాడాయన.

ఆమె విననట్టు బస్సెక్కేసింది. కానీ ఇంటికి వెళ్లి గిన్నెలు తోముతుంటే గుర్తొచ్చింది. ఆ పొద్దున ఒక గలీబులోంచి ఎవరిదో పళ్లసెట్టు జారి రోలరు ముందు పడింది. పక్కనే దుప్పట్లు మడతపెట్టే మడతల వదిన దాన్ని చూసి, ఎలుకను చూసినట్టు బల్ల ఎక్కి కూర్చుంది. అది తలుచుకుని అక్క ఒక్కతే పడీపడీ నవ్వింది.

ఏమైందే అంటూ మొగుడు వచ్చాడు. కూతురు వచ్చింది. చెబితే ముగ్గురూ నవ్వారు. కూతురు తన బడి ముచ్చట చెప్పింది. ఎన్నడూ నోరు విప్పని మొగుడు, వడ్రంగి, ఆ రోజు ఎవరింట్లోనో తలుపు తలకిందులుగా బిగించి వచ్చానని ఒప్పుకున్నాడు.

అదే అలవాటైపోయింది. సాయంత్రం గిన్నెల దగ్గర ముగ్గురూ చేరి రోజును తిరగేసి చూసుకోవాల్సిందే. రోజులేమీ మారలేదు. అదే రోలరు, అవే దుప్పట్లు. కానీ ఇప్పుడు పనిలో చిన్నదేదైనా కంటపడితే, ఇది సాయంత్రానికి, అని అక్క మనసులో పక్కన పెట్టుకునేది. మర్నాడు గేటు దగ్గర తాతకూ కాస్త వడ్డించేది.

ఇంతలో వచ్చిపడింది తంటా.

ఆవిరి పట్టిన అద్దం మీద ఎవరో వేలితో సూపర్‌వైజరు బొమ్మ గీశారు. చేటలంత చెవులు పెట్టారు. అక్క ఆ ముచ్చట తాతకు చెప్పింది. మర్నాడే సూపర్‌వైజరు విభాగం మొత్తాన్ని నిలబెట్టి, గీసిందెవరంటూ కడిగేశాడు.

ఇంకేం, దొంగ దొరికాడనుకున్నారు. రోజూ కూర్చుని ఏం జరిగిందని ఆరా తీసేవాడు యజమాని మనిషి కాక ఇంకెవరు?

ఆ సాయంత్రం అక్క వెళ్లి బెంచీ ముందు నిలబడింది.

"తాతా, నీకు జీతం ఎవరిస్తున్నారు?"

చెవులాయనే ఇస్తున్నాడేమో, అంది వెనక నుంచి మడతల వదిన. చాడీలు మోసింది చాలు, మళ్లీ ఈ గేటు దగ్గర కనబడొద్దని తలా ఒక మాటా విసిరారు.

ముసలాయన కోపం తెచ్చుకోలేదు. కర్ర అందుకుని లేచాడు.

"ఇవాళ్టి రోజులో ఇది కూడా చెప్పుకో తల్లీ," అని నవ్వి వెళ్లిపోయాడు.

మళ్లీ రాలేదు.

తర్వాత తెలిసింది, ఆ బొమ్మను సూపర్‌వైజరు స్వయంగా చూశాడని. బొమ్మ గీసినందుకు కాదట అతడి ఏడుపు, చెవులు మరీ అంత ఉంటాయా అని. అక్క నాలుక కరుచుకుంది. వెతుకుదామంటే తాత ఇల్లెక్కడో ఎవరికి తెలుసు?

కొన్నాళ్లకు మేనేజరు రోలర్ల దగ్గరికి వచ్చాడు. ఇకమీదట సైరన్ పొద్దుగూకాకే మోగుతుందని, జీతం కాస్త పెంచుతామని, ఒప్పుకున్నవాళ్లు రేపు చేతులెత్తితే చాలని చెప్పాడు.

చాలామంది మెత్తబడ్డారు. తొందరగా ఇంటికి పోయి ఊడబొడిచేదేముంది అన్నారు.

అక్క లెక్క వేసుకుంది. చీకటి పడి ఇల్లు చేరేసరికి కూతురు నిద్రపోయి ఉంటుంది. గిన్నెల దగ్గరి ఆ కాసేపూ పోతే, ఇక బతుకంతా దుప్పట్లే.

గేటు బయట మడతల వదినను పట్టుకుంది.

"నిన్న ఇంటికి పోయి ఏం చేశావు?"

"ఏముంది, మామూలే."

"మామూలంటే?"

వదిన సంచీ కింద పెట్టింది. అత్తగారికి తల దువ్వానని, దువ్వుతుంటే ఆవిడ ఎప్పటిదో పాట ఎత్తుకుందని చెప్పింది. బాయిలర్ బావ కొడుక్కి సైకిలు నేర్పుతున్నాడట, పడేది మాత్రం తానేనట. ఒకరి వెనక ఒకరు చెబుతూనే ఉన్నారు. బస్సు వచ్చి వెళ్లిపోయినా ఎవరూ కదల్లేదు.

ఇదంతా వింటున్న గేటు కాపలా పెద్దాయన వాళ్ల దగ్గరికి వచ్చాడు. అచ్చం ఆ బెంచీ తాత అడిగినట్టే అడిగావమ్మా, పోయిన వారమే కన్నుమూశాడు, అన్నాడు.

"మామూలు తాత నీకు ముందే తెలుసా బాబాయ్?"

"తెలియకేం. తానెవరో చెబితే మీరు దండాలు పెడతారు కానీ కబుర్లు చెప్పరని నా చేత ఒట్టేయించుకున్నాడు. ఒకప్పుడు ఈ సైరన్ చీకటి పడ్డాకే మోగేదమ్మా. సమ్మె చేయించి, ఉద్యోగం పోగొట్టుకుని, దాన్ని పొద్దుండగా మోగించింది ఆయనే."

ఇస్త్రీ అక్క కళ్లు తుడుచుకుని అందరివైపూ తిరిగింది.

"విన్నారు కదా, ఇంకేం చూస్తున్నారు? రేపు ఒక్క చెయ్యి లేవకూడదు. పొద్దుండగా సైరన్ మోగకపోతే, రోలర్లు మనమే ఆపి ఇళ్లకు పోవాలి."