గోడ అవతలి చాలు

పాట ఆగిందో లేదో, గోడ అవతలి నుంచి కేక వినబడింది.

"చాలూ!"

జై చేతిలో గిటార్ అలాగే ఉండిపోయింది.

"విన్నావా కాంతా? పక్కవాటాలోకి వచ్చి వారం కాలేదు, అప్పుడే చాలంటున్నాడు."

"సగం లౌటోకా ఊరికి అలాగే ఉంది," అంది భార్య వంటింట్లోంచి. "ఆయన పైకన్నాడు, అంతే."

ఫిజీకి స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి ఐదారేళ్ళు. జై మనసులో మాత్రం ఇంకా ఆ ఏడాదే నడుస్తోంది. ఆ ఏడాది ఏ పెళ్ళిపందిట్లో చూసినా వాళ్ళ బ్యాండే. తరవాత ఒకడు రాజధాని సూవాకు పోయాడు, ఇంకొకడు సంసారంలో పడిపోయాడు. జైకి మిగిలింది రేవు ఆఫీసులో గుమాస్తా పని, ఒక గిటార్, ఒక వాల్వుల ఆంప్లిఫయర్.

ఆ ఆంప్లిఫయర్‌కో తిక్క ఉంది. సౌండు తగ్గిస్తే బుద్ధిగా, చప్పగా పలుకుతుంది. నిండా పెంచితేనే లోపలి గాజు వాల్వులు వేడెక్కి, తీగ గొంతు కాస్త చిరిగి, తియ్యగా గర్జిస్తుంది. పెళ్ళిళ్ళలో జనం లేచి ఆడింది ఆ గర్జనకే. జై ప్రాణమంతా అందులోనే ఉంది.

కానీ అద్దెకుంటున్నది చెక్క ఇల్లు. ఒక్క ఇంట్లో రెండు వాటాలు, మధ్యలో పలకల గోడ. అటువాళ్ళు తాళింపు వేస్తే ఇటువాళ్ళు తుమ్మాలి.

అటు దిగిన ముసలాయన పేరు రాందాస్. రారవాయి చెరకు మిల్లులో పనిచేసి దిగిపోయాడట. వచ్చిన రోజే, తలుపు మీద 'జై గంగయ్య' అన్న పేరు చూసి, ముఖమంతా నవ్వయి పలకరించాడు.

"బావున్నావా బాబూ?"

తెలుగు! జై ఉప్పొంగిపోయాడు. ఇంట్లోనూ వీధిలోనూ అందరిదీ హిందీయే. జైకి వచ్చిన తెలుగు ఏవో నాలుగు మాటలు, అవీ చిన్నప్పుడు అవ్వ వడ్డిస్తుంటే నేర్చినవి. వాటిలో గట్టిది 'చాలు'. ఆ మాట అననిదే అవ్వ గరిటె ఆగేది కాదు.

అవ్వ గరిటెనే ఆపిన మాటకు గిటార్ ఒక లెక్కా?

"పెద్దాయన మన భాషలో అడిగాడు కాంతా. పైగా మధ్యలో అడ్డు రాలేదు. పాట ఆగాకే అన్నాడు. ఎంత మర్యాద!"

మర్నాడు సౌండు సగానికి తగ్గించాడు. గర్జన పోయింది. పథ్యం కూడు తిన్నట్టు ఉంది జైకి.

ఆపగానే అటునుంచి మళ్ళీ కేక.

"చాలూ... చాలూ!"

వరండాలో ఎదురైనప్పుడు, "మాఫ్ కరో కాకా," అన్నాడు జై. ముసలాయన నవ్వి, తలూపి, పలకల గోడను అరచేత్తో తట్టి చూపించాడు.

గోడ పల్చన అంటున్నాడు కాబోలనుకున్నాడు జై.

ఇక పంతం పట్టాడు. గర్జన ఉండాలి, పెద్దాయనకు వినపడకూడదు.

రేవులోంచి పెద్ద చెక్కపెట్టె తెచ్చాడు. స్పీకర్‌ను అందులో పెట్టి చుట్టూ పరుపు కుక్కాడు. లోపల ఒక మైకు పెట్టి, దాని తీగను చిన్న రేడియోకి తగిలించాడు.

"అది మన పరుపు కదూ?" అంది కాంత.

"సంగీతం కోసం."

"మరి నా నడుమో?"

ఆంప్లిఫయర్ నిండా పెంచాడు. పెట్టెలో పులి గర్జించింది. రేడియోలోంచి అదే గర్జన పిల్లికూన గొంతుతో బయటికొచ్చింది. అదే చిరుగు, అదే తీపి!

పాట ముగించి, ఊపిరి బిగబట్టి విన్నాడు. గోడ అవతల అలికిడి లేదు.

"చాలనలేదు కాంతా! చాలనలేదు!"

బ్యాండు పోయాక జై అంత సంతోషంగా ఉండడం కాంత చూడలేదు.

ఆ సంతోషం చెరకు సీజనంతా సాగింది. రాందాస్ వరండాలో కూర్చోవడం తగ్గించాడు. ఎప్పుడైనా ఎదురైతే జై భుజం తట్టి వెళ్ళిపోయేవాడు. జై దాన్ని మెచ్చుకోలనుకున్నాడు.

సీజన్ చివర్లో ముసలాయనకు జ్వరం తగిలింది. కూతురు విమ్లా వచ్చి రారవాయి తీసుకెళ్ళింది.

కొన్నాళ్ళకు ఆమె ఒక్కతే తిరిగొచ్చింది, తండ్రి సామాను కోసం. జై దణ్ణం పెట్టాడు. పెద్దాయన పోయాడన్న కబురు ముందే అందింది.

ఆమే అడిగింది.

"భయ్యా, మళ్ళీ గిటార్ కొనుక్కున్నావా?"

"కొనడమేంటి దీదీ?"

"అమ్మేసుకున్నావని నాన్న చివరిదాకా బాధపడ్డాడు. పాపం, ఆ పిల్లాడికి ఏం కష్టమొచ్చిందో అనేవాడు."

"అమ్మలేదు దీదీ. ఆయనే చాలన్నాడు. తెలుగులో చెప్పాడు."

విమ్లా వింతగా చూసింది.

"నాన్నకు తెలుగెక్కడిది? మిల్లులో అప్పలస్వామని ఒక నేస్తం 'బావున్నావా' నేర్పాడు. తెలుగువాళ్ళు కనబడితే ఆ ఒక్క మాటా అనేవాడు."

"మరి చాలు?"

"అది హిందీయే కదా భయ్యా! బత్తీ చాలూ కరో, రేడియో చాలూ కరో అంటాం కదా. నువ్వు ఆపినప్పుడల్లా మళ్ళీ మొదలెట్టమని అరిచుంటాడు."

జై లోపలికి వెళ్ళాడు. పరుపు పీకి పారేశాడు. స్పీకర్‌ను పెట్టెలోంచి లాగి, గోడ వైపు తిప్పి, సౌండు నిండా పెంచి వాయించాడు. ఇల్లంతా అదిరింది. కాంత చాలనలేదు.

పాట ఆపి బయటికొచ్చేసరికి, రాందాస్ వాటా తలుపు తెరిచి ఉంది. విమ్లా పలకల గోడకు అరచెయ్యి ఆన్చి నిలబడి ఉంది.

"నాన్న ఇలాగే వినేవాడు," అంది చెయ్యి తియ్యకుండా. "మిల్లు రోలర్ల హోరులో చెవులు పోయాక, ఆయనకు అందిన పాట నీదొక్కటే భయ్యా."