చేప దొంగ

గుడిసె తలుపు ఊగిపోయింది. బయట ఎవరో బాదుతున్నారు.

ఆర్విడ్ లిండ్‌క్విస్ట్ లేవలేదు. గడ్డకట్టిన సరస్సు మీద, నాలుగు చెక్కలు బిగించి కట్టుకున్న గుడిసెలో, మంచులో తొలిచిన కన్నం మీదికి వంగి కూర్చున్నాడు. పక్కనే బకెట్లో, తోక బయటికి వేలాడేసుకుని, ఒక వాలై చేప. డెబ్భై దాటిన ఈ వయసు వరకూ అంత పెద్దది అతని గాలానికి పడలేదు. ఒడ్డున ఎరల దుకాణం నడిపే వెండెల్‌కి దాన్ని చూపించి, వాడి మొహం మాడిపోతుంటే చూడాలని అతని ఆత్రం.

చెవి మిషన్లు ట్రక్కులోనే వదిలేసి వచ్చాడు. చేపలతో మాట్లాడేదేముంది? ఆ మిషన్లు లేకపోతే ఎదురుగా నిలబడి అరిచినవాళ్ళ మాట తప్ప ఇంకేదీ వినపడదు. పొద్దుటి నుంచీ కాళ్ళ కింద మాత్రం ఏదో అదురుతూనే ఉంది. కుర్రవెధవలు మోటారు బళ్ళేసుకుని సరస్సంతా చిందరవందర చేస్తున్నారని తిట్టుకున్నాడు.

తలుపు తెరుచుకుంది. గాలితో పాటు ఒక పిల్ల మొహం లోపలికొచ్చింది. ముక్కుకి రింగు, సగం నీలం రంగు వేసిన జుట్టు. హైస్కూల్లో చదివే జోలీన్. ఆర్విడ్ ఇట్టే గుర్తుపట్టాడు.

పోయిన నెల చేపల క్లబ్బు మీటింగుకి వచ్చింది ఈ పిల్లే. బడి పిల్లల ప్రాక్టీసుకి క్లబ్బు వెనక గది ఇమ్మని అడిగింది. సగం చెప్పేలోపే ఆర్విడ్ లేచాడు. "వీళ్ళకి గది ఇస్తే వారం తిరక్కుండా సారా కొట్టు పెడతారు," అన్నాడు. అందరూ నవ్వారు. ఏం ప్రాక్టీసని ఎవరూ అడగలేదు. ఈ చలికాలంలో సరస్సు మీద రెండు మూడు గుడిసెలు దోపిడీకి గురయ్యాయి. ఎవరి పనో ఊరంతా అప్పటికే తేల్చేసింది.

పిల్ల పెదాలు గబగబా కదులుతున్నాయి. గాలి హోరులో "తాతా" అన్న ముక్క ఒక్కటే అందింది.

"ఏమ్మా, మీ బాబుగారి ఇల్లనుకున్నావా? ఫో!" అని గాలం కర్ర ఎత్తాడు.

ఆమె వెళ్ళలేదు. చెయ్యి పట్టుకుని లాగబోయింది. ఆర్విడ్ విదిలించి కొట్టాడు. జోలీన్ ఒక్క క్షణం అటూ ఇటూ చూసింది. ఆమె చూపు బకెట్ మీద ఆగింది. చటుక్కున చేపను మొప్పల్లో వేళ్ళు దూర్చి పట్టుకుని బయటికి దూకింది.

"దొంగముండా!"

కోటు గుండీలైనా పెట్టుకోకుండా ఆర్విడ్ వెంటపడ్డాడు.

బయట ఎండ కళ్ళు చెదరగొడుతోంది. దూరంగా ఇంకొకడు, కోల్బీ అనే పొడుగాటి కుర్రాడు, భుజాన తాడు చుట్ట, చేతిలో కర్రతో మంచును పొడుచుకుంటూ ముందు నడుస్తున్నాడు. అదొక ఆట కాబోలు! మధ్యలో వెనక్కి తిరిగి చేతులు ఊపుతున్నాడు, గెంతుతున్నాడు. తననే వెక్కిరిస్తున్నారని ఆర్విడ్‌కి ఒళ్ళు మండింది. పిల్ల కూడా తిన్నగా పరిగెత్తకుండా, కుర్రాడి అడుగుల్లో అడుగులేస్తూ వంకర టింకరగా పోతోంది. ముసలాణ్ణి అలసిపోయేలా చెయ్యాలని ఎత్తు! అతనూ పట్టు వదలకుండా ఆ వంకరలన్నీ తిరిగాడు.

ఒడ్డుకి సగం దూరం వచ్చేసరికి గుండె పట్టేసింది. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఆగాడు. పోతే పోయింది వెధవ చేప, వెనక్కి పోదామనుకున్నాడు.

అప్పుడు జోలీన్ ఆగింది. నాలుగడుగులు దగ్గరికొచ్చి, చేపను తోక పట్టుకుని అతని మొహం ముందు ఆడించింది.

"ఏం ముసలోడా, అంతేనా నీ పస? ఈ పిల్ల చేపకేనా క్లబ్బులో అంత డప్పు కొట్టుకునేది?"

ఈ మాటలు మాత్రం శుభ్రంగా వినపడ్డాయి. ఆర్విడ్ గుండెనొప్పి మరిచిపోయాడు.

ఒడ్డు మీది గులకరాళ్ళు కాలికి తగిలాక గానీ అతని చేతికి పిల్ల కాలరు చిక్కలేదు. చిక్కిందనేకంటే ఆమే ఆగిపోయింది. మోకాళ్ళ దాకా పంట్లాం తడిసి బిగుసుకుపోయింది. పళ్ళు టకటకలాడుతున్నాయి. భయం. ఇన్నాళ్ళకి వీళ్ళకి భయమంటే తెలిసిందని ఆర్విడ్ లోలోపల సంతోషించాడు. ఆమె చేతిలోంచి చేప జారి రాళ్ళ మీద పడింది.

"తాతా, ఒక్కసారి మేం చెప్పేది..." కోల్బీ మొదలెట్టాడు.

"నోర్ముయ్! ఏం చెప్పినా పోలీసులకే చెప్పుకో. ఒరే వెండెల్! బయటికి రారా, ఫోన్ పట్టుకుని రా!"

వెండెల్ అప్పటికే దుకాణం మెట్ల మీద ఉన్నాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. అతను చేపను చూడలేదు, పిల్లల్ని చూడలేదు.

"ఏరా, అలా బెల్లంకొట్టిన రాయిలా నిలబడతావేం? పట్టపగలు నా గుడిసెలో జొరబడి దోచుకున్నారీ వెధవలు! ఇలాంటివాళ్ళకా క్లబ్బు గది?"

వెండెల్ దగ్గరికొచ్చి, అతని చెవి దగ్గర నోరు పెట్టి ఒక్కో మాటా గట్టిగా పలికి అడిగాడు. "ఆర్విడ్... నీ గుడిసె ఎక్కడ వేశావు?"

"కళ్ళు పోయాయేంట్రా నీకు? ఎప్పుడూ వేసేచోటే. అదుగో!"

ఆర్విడ్ పిల్ల కాలరు వదలకుండానే వెనక్కి తిరిగి వేలు చూపించాడు.

అతను చూపించిన చోట నీళ్ళున్నాయి.