పైన సూఖా, కింద గీలా

"ఇదిగో సార్, దొరికింది. బండి కింద తేల్ ఉంది."

చక్రి గొంతు జీపు కిందనుంచి వచ్చింది. పున్నయ్య మోకాళ్ళ మీద వంగి చూశాడు. సిమెంటు నేల మీద అరచేతి వెడల్పున తడి, డీజిల్ కంపు.

పున్నయ్య పోర్ట్ బ్లెయిర్‌లో బడిపంతులు, ఇల్లు ఆస్టినాబాద్. ఆయన రిటైరవడానికి ఇంకా రెండేళ్ళుంది. జీపు మాత్రం ఎప్పుడో రిటైర్ కావలసింది. చక్రి బతు బస్తీలో మెకానిక్. తాతలది శ్రీకాకుళమే అయినా దీవుల్లో పుట్టినవాడు కావడంతో అతని తెలుగులో సగం హిందీ కలిసిపోయింది. డీజిలూ, ఇంజనాయిలూ, తలకు రాసుకునే కొబ్బరినూనె కూడా అతని నోట తేల్ అనే వస్తాయి. పున్నయ్యకూ ముప్ఫై ఏళ్ళలో అదే అలవాటైంది.

గుమ్మంలో ఉన్న కామమ్మ చీర కుచ్చెళ్ళు కొంచెం పైకి పట్టుకుంది. ఆమె పున్నయ్యకు అత్తగారు. మొదటిసారి కూతురింటికని ముందురోజే విశాఖ ఓడ దిగింది.

"పెద్దదా నాయనా?" అని అడిగింది.

"చిన్నదే అమ్మమ్మా. ఇప్పుడే చూడకపోతే పెద్దదైపోతది."

కామమ్మ చెప్పులు దులిపి వేసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

రబ్బరు పైపు ఒకటి బీటలిచ్చిందని చక్రి కనిపెట్టాడు. ట్యాంకులో ఉన్న డీజిల్ కొంత తీసి డబ్బాకెత్తి, పెరట్లో బట్టలుతికే బండ పక్కన పెట్టాడు. కొత్త పైపు వేసి, క్లిప్పులు బిగించి, అరగంట సేపు ఇంజన్ ఆడించాడు. చుక్క కారలేదు. పున్నయ్య సంతోషం పట్టలేక జీపు బానెట్ మీద రెండుసార్లు తట్టాడు.

మర్నాడు పొద్దున చూస్తే కింద మళ్ళీ తడి.

పున్నయ్య భార్య పద్మావతికి ఓపిక నశించింది. ఆరేసిన బట్టలన్నీ డీజిల్ కంపే. పైగా వంటింటికి నాలుగడుగుల దూరంలో ఈ కారుడేమిటని ఆమె భయం. ఆదివారం లోపల ఆగకపోతే జీపును గణేష్‌కు ఇచ్చేయాలని తేల్చి చెప్పింది. ఫెరార్గంజ్‌లో పోకతోట ఉన్న గణేష్ మూడేళ్ళుగా ఆ జీపు కోసం తిరుగుతున్నాడు. ఎలా ఉన్నా తీసుకుంటానన్నాడు.

పున్నయ్యకు మనసొప్పలేదు. వానల్లో బస్సులు ఆగిపోయినప్పుడు ఆయన్ని బడికి చేర్చింది ఆ జీపే. కూతురు లిఖిత పుట్టినప్పుడు తల్లీబిడ్డల్ని ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చింది కూడా అదే. మొండిదే గానీ నమ్మకమైనది.

బుధవారం చక్రి రాగి వాషర్లు మార్చాడు. గురువారం ఫిల్టర్ మార్చాడు. పొద్దుటికి కింద తడి మామూలే. అదీ ఒక రోజు ముందు చక్రం దగ్గర, ఇంకో రోజు వెనక చక్రం దగ్గర.

అందరికంటే ముందు లేచి వాకిలి ఊడ్చే కామమ్మ రోజూ గుమ్మంలోనే ఎదురయ్యేది.

"పోనాదా బాబూ?"

"లేదత్తయ్యా. నిన్నటికంటే ఇవాళ ఎక్కువుంది తేల్."

"మా వూళ్ళో దీనికి మందుంది" అనేది ఆమె దిగులుగా.

జీపు మొహం చూడని ఊళ్ళో జీపుకు మందేమిటని పున్నయ్య లోలోపల నవ్వుకునేవాడు. మర్యాదకు తలూపేవాడు. అదేం మందని మాత్రం అడగలేదు.

శుక్రవారం చక్రి పద్మావతి పౌడర్ డబ్బా అడిగి తెచ్చి పైపులన్నిటి మీదా చల్లాడు. ఎక్కడ కారితే అక్కడ పౌడర్ తడుస్తుందన్నాడు. మర్నాడు పొద్దున పౌడర్ చల్లింది చల్లినట్టే పొడిగా, తెల్లగా ఉంది. కింద మాత్రం చిన్న మడుగు.

చక్రి తల గోక్కున్నాడు. "పైన సూఖా, కింద గీలా. నా సర్వీసులో ఇలాంటి గాడీ చూడలేదు సార్."

పున్నయ్యకు అనుమానం పుట్టింది. జీపు పోతే సంతోషించేది ఈ ఇంట్లో ఒక్కరే. ఆ పూటే స్పానర్లన్నీ తీసుకెళ్ళి తన మంచం కింద దాచాడు. అన్నం వడ్డిస్తున్న భార్య చేతుల వైపు అదే పనిగా చూడసాగాడు. పద్మావతి గ్రహించింది. గరిటె పక్కన పెట్టి రెండు చేతులూ ఆయన ముక్కు ముందు పెట్టింది.

"చూసుకోండి వాసన."

చేపల పులుసు వాసన తప్ప ఇంకేమీ లేదు. పున్నయ్య సిగ్గుపడి ఇంకో ముద్ద ఎక్కువ తిన్నాడు.

ఆదివారం రానే వచ్చింది. జీపు కింద అంతకుముందెన్నడూ లేనంత తడి. చక్రి చేతులెత్తేశాడు. తొమ్మిదింటికల్లా గణేష్ దిగాడు.

పున్నయ్య తువ్వాలుతో స్టీరింగ్ తుడిచాడు. తుడిచినచోటే మళ్ళీ తుడిచాడు. "వెంటనే స్టార్టవకపోతే తిట్టకు. ఇంజన్ పక్కన డీజిల్ చేతిపంపు రెండుసార్లు కొట్టి చూడు. పట్టుకుంటుంది" అని గణేష్‌కు చెప్పాడు. తన పంతమే నెగ్గినా, గుమ్మంలో పద్మావతి కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది. ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు ఆమెకూ గుర్తుంది.

పున్నయ్య తాళం చెవి అందించబోయాడు. గణేష్ చెయ్యి పట్టాడు.

సరిగ్గా అప్పుడే పెరటి వైపు నుంచి కామమ్మ వచ్చింది. ఆమె చేతిలో చక్రి నింపిపెట్టిన డబ్బా ఉంది. దాన్ని అల్లుడి ముందు తలకిందులుగా వంచి చూపించింది.

"ఇది అయిపోనాది బాబూ, ఆ తేలు మీద పొయ్యడానికి ఇంకాస్త డీజిలు తెప్పించు."